దేన్నుంచి దేనిలోకి

రంగుల కర్మాగారంలో బాయిలర్ పేలింది. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. నాలుగోవాడు, కొలిమిలో నిప్పు చూసుకునే పనివాడు, ఆస్పత్రి మంచం మీద పదకొండు నిమిషాలు మాట్లాడి కన్నుమూశాడు. ఆ పదకొండు నిమిషాల రికార్డింగు విని టైపు చేసే పని టైపక్క చేతికొచ్చింది. నాలుగు నిమిషాలు విన్నదో లేదో, "వాల్వు పని చెయ్యట్లేదని మేస్త్రీకి మూడుసార్లు చెప్పాను" అన్న మాట చెవిన పడింది. ఆ మేస్త్రీ ఎవరో కాదు, ఆమె సొంత అక్క మొగుడు. ఆ మాట మింగుడు పడకముందే కంప్యూటర్‌లో పాత హార్డ్ డిస్కు గరగరమంది. అంతే, యంత్రం మూగబోయింది. కిందటి వారం మనం ఆమెను వదిలింది అక్కడే.

అది జరిగి ఇవాళ్టికి మూడో రోజు. పొద్దున్న పదిన్నర. మధ్యాహ్నం మూడింటికి విచారణ సంఘం గుమాస్తా వచ్చి టైపు చేసిన కాగితాలు పట్టుకుపోతాడు.

టైపక్కకు పంతొమ్మిదో ఏట చూపు పోయింది. ఆ తరవాత ఇరవై ఆరేళ్లుగా చెవులతోనూ వేళ్లతోనూ బతుకుతోంది. తెర మీద ఏముందో కంప్యూటరే ఆమెకు చదివి వినిపిస్తుంది. ముక్కుతో మాట్లాడే మగగొంతు అది. పొద్దస్తమానం దానితో ఆమె కొట్లాట వినీ వినీ వీధిలో వాళ్లు దానికి "టైపక్క మొగుడు" అని పేరు పెట్టారు.

"అక్కయ్యా, మీ ఆయన మూడ్రోజుల్నించి నోరు విప్పట్లేదేం? అలిగాడా?" కింద కొట్లోంచి దర్జీ తాత కేకేశాడు.

"అలగలేదు తాతా. పక్షవాతం" అంది టైపక్క మెట్ల మీంచి వంగి. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

ఒక్క ఫైలు తీసి ఇంకోదాంట్లో పెట్టుకుంటే సరిపోయేదైతే ఇంత గుండెకోత లేకపోను. సంఘం వాళ్లు ఆ రికార్డింగును, వాళ్ల ప్రోగ్రాంలో తప్ప, అదీ ఈ సిస్టంలో తప్ప తెరుచుకోకుండా తాళం వేసి ఇచ్చారు. ఆస్పత్రికి తీసుకెళ్లిన రికార్డరును ఎవరో బుద్ధిమంతుడు మర్నాడే తుడిచేసి మళ్లీ వాడుకున్నాడు. కాబట్టి చచ్చిపోయిన మనిషి గొంతు ఇప్పుడు ఈ ప్రపంచంలో ఒకే ఒక్కచోట ఉంది, గరగరమంటున్న ఈ పాత డిస్కులో. అది పూర్తిగా ప్రాణం విడిచేలోగా దాన్లో ఉన్నదంతా, ఆపరేటింగ్ సిస్టంతో సహా, ఉన్నది ఉన్నట్టు కొత్త ఎస్ఎస్‌డీ డిస్కులోకి మార్చాలి.

రిపేరు షాపు ఆమె నిన్ననే కొత్త డిస్కు ఇచ్చింది. దాంతోపాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇచ్చింది. "దీంతో స్టార్ట్ చెయ్యండి, మార్చే ప్రోగ్రాం వస్తుంది. కాకపోతే అది మాట్లాడదు, ఎవరైనా చూసి చదవాలి. నేనే వచ్చేదాన్ని గానీ పక్కూళ్లో ఆస్పత్రిలో మెషీన్లన్నీ పడుకున్నాయి, రేపంతా అక్కడే" అంది. వెళ్తూ వెళ్తూ ఇంకో ముక్క చెప్పింది. "రెండు డిస్కులూ ఐదొందల జీబీవే. సైజు చూసి పోల్చుకోవడం కుదరదు. దేన్నుంచి, దేనిలోకి అన్నది తారుమారైతే కొత్తదాంట్లో ఉన్న ఖాళీ వచ్చి పాతదాన్ని తుడిచిపెట్టేస్తుంది. తరవాత ఏడ్చినా రాదు. కొత్తదాని నంబర్లో చివరి నాలుగంకెలు గుర్తుపెట్టుకోండి" అని వాటిని రెండుసార్లు చదివి వినిపించింది.

కంప్యూటర్ డబ్బా తెరిచి కొత్త డిస్కు బిగించడం టైపక్కకు పెద్ద పనేం కాలేదు. అరచేతిలో సగం కూడా లేని, బిస్కెట్టంత తేలికైన పలక. వైరు కొసన ఉన్న వంపును గోటితో తడిమి, గాడిలోకి నొక్కింది. పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్చి వేసింది. పని వేళ్లది అయినంతసేపూ ఆమెకు భయం లేదు. ఆ తరవాతిదంతా కళ్ల పని. ఎప్పుడూ వచ్చి చదివిపెట్టే అక్క కూతురికి ఇవాళ పరీక్ష. దర్జీ తాతకు ఇంగ్లీషు రాదు. పొద్దున్న అక్కకు ఫోన్ చేసి "ఎవర్నైనా పంపవే, ఒక్క గంట" అని బతిమాలింది.

అక్క పంపిన మనిషి మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే ఆమె చెయ్యి డబ్బా మీదికి పోయింది. ఆ అడుగులు ఆమె ఎరిగినవే. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు.

"ఏం చిట్టీ, ఏదో చదవాలంట?" అన్నాడు బావ.

కాదని వెనక్కి పంపేస్తే ఇంకెవరూ లేరు. పంపకపోతే, ఎవరి గురించి చచ్చిపోయినవాడు మాట్లాడాడో ఆ మనిషి చేతుల్లోనే ఆ మాటలు పెట్టినట్టు. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు. డిస్కు మళ్లీ ఒకసారి గీరుకుంది. ఇంక ఆలోచించే వ్యవధి కూడా లేదనిపించింది.

"కూర్చోండి బావా" అంది.

అతను మౌస్ పట్టుకున్నాడు. తెర మీద కనబడ్డదల్లా నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు నొక్కాడు. పై గడిలో దేన్నుంచి, కింది గడిలో దేనిలోకి అని ఆమె రెండుసార్లు చెప్పింది.

"పెట్టాను. ఇప్పుడేదో ఎర్రగా వచ్చింది. కింది డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడుగుతోంది. నొక్కెయ్యనా?"

"ఆగండి. కింది గడిలో పేరు పక్కన పెద్ద నంబరు ఉంటుంది. చివరి నాలుగంకెలు చదవండి."

"ఎందుకే? సరిగ్గానే పెట్టానుగా."

"చదవండి బావా."

కుర్చీ కిర్రుమంది. "ఎనిమిది, ఎనిమిది... ఒకటి, నాలుగు."

నిన్నటి నుంచి ఆమె జపం చేస్తున్న అంకెలు అవి కావు.

టైపక్క బల్ల మీదుగా చెయ్యి పోనిచ్చి, మౌస్ మీద ఉన్న అతని చెయ్యి వెతికి పట్టుకుంది. చెమటతో తడిసి ఉంది.

"చెయ్యి తియ్యండి."

"ఏమైంది?"

"అది కొత్తదాని నంబరు కాదు."

"అలాగా? అయితే అటూ ఇటూ అయిందేమో. ఈ ఇంగ్లీషక్షరాలూ, నా పాత కళ్లజోడూ..."

"కళ్లజోడు కిందటి నెల మార్చారు. అక్క చెప్పింది."

కింద కుట్టుమిషను చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. బావ ఊపిరి మాత్రం సరిగ్గా ఆడడం లేదని ఆమెకు వినబడుతూనే ఉంది.

"రెండేళ్లు నన్ను సైకిలు మీద టైపు స్కూలుకి తీసుకెళ్లారు మీరు" అంది. ఒక్కో మాటా విడివిడిగా అంది. "దారిలో ఉన్న బోర్డులన్నీ చదివి చెప్పేవారు. ఇక్కడ నోటీసులంటించరాదు అనేదాంతో సహా. మీరు చదివితే నేను చూసినట్టే ఉండేది. ఈ పూట కూడా పొరపాటే అనండి బావా. నేను నమ్ముతాను."

అతను మౌస్‌ను పక్కకి తోసేశాడు.

"పొరపాటు కాదు చిట్టీ."

ఆ మాటతో ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు.

"అందులో నా గురించి చెప్పాడంటగా, ఆస్పత్రిలో మొదట్లో కాస్త విన్నవాళ్లన్నారు" అన్నాడు బావ. "చెప్పే ఉంటాడు. వాల్వు సంగతి మూడుసార్లు కాదు, ఆరుసార్లు చెప్పాడు నాకు. నేను మేనేజరుకి చెప్పాను. కొత్తది వచ్చేదాకా తీగతో కట్టి నడిపించు, ఒక్కరోజు బాయిలర్ ఆగినా నువ్వింటికే అన్నాడు. కట్టాను. ఈ చేత్తోనే. నాలుగు చుట్లు."

"తెలిసే?"

"ముప్ఫై ఏళ్లు బాయిలర్ దగ్గర బతికినవాణ్ణి, తెలీదా? ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. లేచి నిలబడలేకపోయాను. ఇవాళ వెలిగించొద్దు అని చీటీ రాసి మీ అక్కకిచ్చి గేటు దగ్గరికి పంపాను. ఇచ్చేశానంది. మేనేజరేమో ఏ చీటీ రాలేదంటున్నాడు. ఎవరు నమ్ముతారు నన్ను? తీగ కట్టిన చెయ్యి నాది."

"ఇక్కడికి వచ్చి ఇలా చెయ్యాలని మీకు మీరే అనుకున్నారా?"

"మీ అక్కే అంది. దానికి ఇవాళ కళ్లు మీరేగా, ఏది ఎటు పెట్టారో దానికెలా తెలుస్తుంది అని. నా కోసమే అందిలే చిట్టీ. జైలుకి పోతానని భయం."

దానికెలా తెలుస్తుంది. చిన్నప్పుడు తన జడలు వేసిన అక్క, చూపు పోయిన ఏడాదంతా తన పక్కనే పడుకున్న అక్క అన్న మాట. బావ చేసింది గుండెలో గుచ్చుకుంటే, ఈ మాట దాన్ని అక్కడే మెలిపెట్టింది.

"మిగతా ఏడు నిమిషాలు నేనూ వినలేదు" అంది చివరికి. "ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

"ఏముంటుంది? నా పేరే ఉంటుంది."

"ఉంటే ఉండనీండి."

"టైపు చేస్తావా? నా పేరు?"

"చేస్తాను. మూడింటికి గుమాస్తా వస్తే, ఈ మేస్త్రీ మా బావ, ఇంకొకరి చేత సరిచూయించుకోండి అని కూడా చెబుతాను. చచ్చిపోయినవాడికి ఉన్నది ఆ పదకొండు నిమిషాలే బావా. పెళ్లాం పిల్లల కోసం ఏం చెప్పాడో కూడా అందులోనే ఉంది. దాన్ని తుడిచేసి మీరు మాత్రం నిద్రపోగలరా?"

కుర్చీ వెనక్కి జరిగింది. ఎడమ కాలి ఈడ్పు గుమ్మం దాకా, అక్కణ్ణించి మెట్ల మీదికి పోయింది. తరవాత వినబడలేదు.

టైపక్క తెర వైపు తిరిగి కూర్చుంది. కనబడని ఆ తెర మీద రెండు బటన్లు ఉన్నాయి. అందులో ఒకటి నొక్కితే అంతా పోతుంది. మౌస్ బాణం ఎక్కడుందో తెలీదు. మీటలు నొక్కి చూద్దామంటే ఏ బటన్ వెలిగి ఉందో తెలీదు. యంత్రం ఆపి మళ్లీ మొదలుపెడదామంటే, ఈ డిస్కు ఇంకోసారి లేస్తుందన్న నమ్మకం లేదు. చేతులు రెండూ వెనక్కి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. పాత డిస్కు టిక్కుమంటోంది, ఆగుతోంది, మళ్లీ టిక్కుమంటోంది. రోగి పక్కన కూర్చుని ఊపిర్లు లెక్కపెడుతున్నట్టుంది ఆమెకు. "దేవుడా, ఎవర్నో ఒకర్ని పంపు" అని పైకే అంది. నలభై అయిదేళ్ల మనిషి, ఎవరూ లేని గదిలో, చిన్నపిల్లలా.

"జరుగు" అన్నాడు బావ.

మెట్ల మీదే నిలబడిపోయినట్టున్నాడు. ఎందుకు వెనక్కి వచ్చాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. మౌస్ కదిలింది. నాలుగైదు సార్లు నొక్కిన చప్పుడయింది.

"వెనక్కి పోయి మార్చాను. ఇప్పుడు కింది గడిలో... ఆరు, రెండు, సున్నా, తొమ్మిది."

ఆ అంకెలు ఆమె ఎవరికీ చెప్పలేదు. పై గడిలోవి చదివి అబద్ధం చెప్పాలంటే చెప్పొచ్చు, కానీ ఇక నమ్మక తప్పదు. టైపక్క కళ్లు మూసుకుంది.

"అవే. పై గడిలో?"

"ఎనిమిది ఎనిమిది ఒకటి నాలుగు. నొక్కనా?"

"నొక్కండి."

నూటికి రెండు అన్నాడు. అయిదు. పదకొండు. డిస్కులో నిండినది అయిదోవంతే గనక గంటలో అయిపోవాలి. అతను అంకెలు చదవడం, ఆమె తలూపడం, అంతే. నలభై దాటాక ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. అరవై ఒకటి దగ్గర అంకె కదలడం మానేసింది.

"అరవై ఒకటి" అన్నాడు బావ. కాసేపాగి "అరవై ఒకటే" అన్నాడు. డిస్కు గీరుకుపోతున్న చప్పుడు ఇప్పుడు గది నిండా వినబడుతోంది.

"చచ్చిపోతోంది బావా."

అతను ముందుకు వంగాడు. డబ్బాలోకి చెవి పెట్టి విన్నాడు. "నోరు ముయ్యి ఒక్క నిమిషం" అని కసిరాడు. ఆ కసురులో ఏళ్లనాటి బావ వినబడ్డాడు. డిస్కు మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు.

"కాలిపోతోంది. వేడికి లోపల బిగుసుకుపోతున్నట్టుంది. బల్ల ఫ్యాను ఏది?"

"కిటికీలో."

అతను ఫ్యాను తెచ్చి డబ్బా పక్కన పెట్టాడు. చాలక చేత్తో ఎత్తి పట్టుకుని సరిగ్గా డిస్కు మీదికి గాలి తగిలేలా నిలబడ్డాడు. అలా పది నిమిషాలు పైనే నిలబడ్డాడు. చెయ్యి వణికి ఫ్యాను ఊచలు గలగలమంటుంటే రెండో చేత్తో ఆపుకున్నాడు. ఆమె లేచి పట్టుకోబోతే "నీకు వేడి ఎక్కడుందో తెలీదు, కూర్చో" అన్నాడు. మెల్లగా గీరుకుపోవడం తగ్గి మళ్లీ టిక్కుమనడం మొదలైంది.

"అరవై రెండు" అన్నాడు. ఆ గొంతులో ఏడుపుంది.

ఒంటిగంటకు నూరయింది. టైపక్క యంత్రం ఆపి, పాత డిస్కు వైరు తడిమి ఊడబీకింది. పెన్‌డ్రైవ్ తీసేసింది. స్విచ్చి నొక్కింది. అంతకుముందు రెండు నిమిషాలు మూలిగి గానీ లేవని యంత్రం, ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు ముక్కుగొంతుతో పలికింది. "డెస్క్‌టాప్. పదకొండు ఐకాన్లు."

"తాతా! మాట్లాడాడు!" అని ఆమె కిందికి కేకేసింది. దర్జీ తాత ఏదో సరసమాడాడు గానీ ఆమె వినిపించుకోలేదు. డిస్కు మారింది గదా, సంఘం వాళ్ల తాళం ఒప్పుకుంటుందో లేదోనన్న చివరి భయం ఇంకా మిగిలే ఉంది. ప్రోగ్రాం తెరిచింది. ఒప్పుకుంది. ఫైలు ఉంది. పదకొండు నిమిషాల నాలుగు సెకన్లు.

"నేను బయటికి వెళ్తాను" అన్నాడు బావ.

నిజానికి ఆమె అతన్ని పంపెయ్యాలి. అది నియమం. కానీ ఆ పూట అంత నియమం ఆమెలో మిగల్లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మరిచిపోయిందో, మానేసిందో, తరవాత ఎంత ఆలోచించినా ఆమెకే తెలియలేదు. నాలుగో నిమిషం దగ్గర మీట నొక్కింది.

ఆయాసపడుతూ, మధ్యమధ్య దగ్గుతూ, చచ్చిపోయిన మనిషి మాట్లాడాడు.

"...ఆ పొద్దున మేస్త్రీ రాలేదు. జ్వరమన్నారు. ఆయన లేకుండా వెలిగించాలంటే నాకు భయమేసింది. తీగ కట్టి ఉందిగా మరి. కూర్చున్నాను. ఆరున్నరకి మేస్త్రీ గారి ఇంటావిడ గేటు దగ్గరికొచ్చారు. చేతిలో కాగితం ముక్క ఉంది. నాకిస్తారేమో అనుకున్నా. ఇవ్వలేదు. మడిచి చేతిసంచిలో పెట్టేసుకున్నారు. అయ్యగారికెలా ఉందమ్మా అన్నాను. తగ్గింది, నిన్ను వెలిగించుకోమన్నారు, భయం లేదన్నారు అని చెప్పారు. ఆయన మాటే గదాని వెలిగించా..."

టైపక్క వేలు దానంతటదే మీట మీద పడి ఆపేసింది.

"మళ్లీ పెట్టు" అన్నాడు బావ.

"బావా..."

"మళ్లీ పెట్టు!"

మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. తగ్గింది, వెలిగించుకోమన్నారు. బావ నేల మీద చతికిలబడ్డ చప్పుడయింది. "ఇచ్చేశానంది" అన్నాడు. "నా మంచం పక్కన కూర్చుని, నా నుదురు తుడుస్తూ, ఇచ్చేశానండీ అంది."

రికార్డింగు నడుస్తూనే ఉంది, ఆయాసం తప్ప మాట లేదు. ఇంకా అయిదు నిమిషాలు మిగిలి ఉంది.

అప్పుడే కింద కుట్టుమిషను ఆగింది. "రండమ్మా రండి, అందరూ పైనే ఉన్నారు" అంటున్నాడు దర్జీ తాత. మెట్ల మీద గబగబా, తేలికైన అడుగులు పడుతున్నాయి. ఆ అడుగులు కూడా టైపక్క ఎరిగినవే. బావ లేవలేదు. ఆమె రికార్డింగు ఆపాలనుకుని మీట కోసం తడిమింది. వేళ్లకు ఏదీ తగల్లేదు, అన్ని మీటలూ ఒక్కలాగే అనిపించాయి.

గుమ్మంలో అక్క ఆగింది. ఆయాసం తీర్చుకుంది. చెల్లెలికి వినబడదనుకుందో ఏమో, గొంతు బాగా తగ్గించి మొగుణ్ణి అడిగింది.

"పోయిందా?"

కంప్యూటర్‌లోంచి చచ్చిపోయిన మనిషి ఒకసారి దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"వెళ్లిపోతూ ఆవిడ ఇంకో మాట కూడా అన్నారయ్యా..."